మేసన్ టెంప్లేట్ ఇంజిన్: పేజీకి సర్వర్ ఊసెందుకు?

టెంప్లేట్ ఇంజిన్ల (పేజీ నమూనాలో డేటా నింపి హెచ్‌టీఎమ్‌ఎల్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ల) మీద రివ్యూ అంటే సాధారణంగా వేగం గురించో, సింటాక్స్ గురించో రాస్తారు. ఇక్కడ నేను ఒకే విషయం పట్టుకుంటున్నాను. పెర్ల్‌లోని హెచ్‌టీఎమ్‌ఎల్ మేసన్‌లో టెంప్లేట్ పని ఎక్కడ ఆగుతుంది, వెబ్ సర్వర్ పని ఎక్కడ మొదలవుతుంది, ఆ రెంటి మధ్య గోడ ఎంత గట్టిది? చాలా ఏళ్లుగా ఈ ఇంజిన్ మీద నడిచే ఒక సర్వీస్ టికెట్ల అప్లికేషన్‌ని చూసుకుంటున్నాను. అపాచీ వెబ్ సర్వర్ లోపల పెర్ల్‌ని నడిపే మోడ్‌పెర్ల్ మీద పుట్టిన ఆ అప్లికేషన్ ఇప్పుడు ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ వెనక, స్టార్‌మన్ అనే పెర్ల్ సర్వర్ మీద నడుస్తోంది. పేజీలు మాత్రం అవే. ఆ మార్పు చేస్తున్నప్పుడు మేసన్ లోపలి నిర్మాణం మీద నాకు గౌరవం పెరిగింది. దాన్ని వాడే అలవాట్ల మీద కోపం కూడా వచ్చింది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. సర్వర్ మార్చాల్సిన పాత మేసన్ అప్లికేషన్ మీ చేతిలో ఉంటే, దాన్ని పారేసి కొత్తది రాయక్కర్లేదు. ఇంజిన్ మీకు అడ్డు రాదు. అడ్డు వచ్చేది పేజీల్లోకి పాకిన అపాచీ మాటలే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకైతే మేసన్ 1 (ఇక్కడ నేను చెబుతున్న పాత మేసన్) సిఫారసు చెయ్యను, దానికి కారణాలు తర్వాత చెబుతాను.

మేసన్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. హెచ్‌టీఎమ్‌ఎల్ మధ్యలో పెర్ల్ రాసుకునే పద్ధతి ఇది. లైను మొదట్లో పర్సెంట్ గుర్తు ఉంటే ఆ లైను పెర్ల్. కోణపు బ్రాకెట్, పర్సెంట్ గుర్తుల మధ్య రాసింది విలువ కట్టి పేజీలో పడుతుంది. ఒక్కో ఫైలు ఒక కాంపోనెంట్. ఒక కాంపోనెంట్ ఇంకోదాన్ని పిలవొచ్చు, ఆర్గ్యుమెంట్లు పంపొచ్చు. ఫోల్డర్‌లో ఆటోహ్యాండ్లర్ అనే ఫైలు పెడితే అందులోని పేజీలన్నిటికీ పైభాగం, కిందిభాగం అదే చూసుకుంటుంది. అడిగిన పేజీ లేకపోతే డీహ్యాండ్లర్ అందుకుంటుంది. రిక్వెస్ట్ ట్రాకర్ లాంటి పెద్ద టికెటింగ్ సాఫ్ట్‌వేర్‌ని దీనిమీదే కట్టారు కాబట్టి చిన్నాచితకా సరుకు కాదు.

ఈ తరహా ఇంజిన్లు పుట్టిన కాలం ఎలాంటిదో చూస్తే గోడ విషయం అర్థమవుతుంది. వెబ్ సర్వర్ బయటి ప్రోగ్రామ్‌ని పిలిచే పాత పద్ధతి సీజీఐలో రిక్వెస్ట్ వచ్చిన ప్రతిసారీ కొత్త ప్రాసెస్ మొదలవ్వాలి, పెర్ల్ లేవాలి, మాడ్యూళ్లన్నీ మళ్లీ చదువుకోవాలి. 1996లో వచ్చిన మోడ్‌పెర్ల్ ఈ బాధ తప్పించి, పెర్ల్‌ని అపాచీ ప్రాసెస్ లోపలే కూర్చోబెట్టింది. దాంతో వేగం ఒక్కటే రాలేదు, అపాచీ లోపలి రిక్వెస్ట్ ఆబ్జెక్ట్ కూడా చేతికొచ్చింది. హెడర్లు, లాగ్, లాగిన్ అయిన యూజర్ పేరు, కాన్ఫిగరేషన్ విలువలు అన్నీ డాలర్ ఆర్ అనే ఒక్క వేరియబుల్‌లో దొరికేవి. చేతికందేది ఎవరైనా వాడుకుంటారు. అలా అది పేజీ పేజీలోకి పాకింది.

తర్వాత అసలు ఖర్చు మొదలైంది. 2005లో మోడ్‌పెర్ల్ 2.0 విడుదలకు ముందు మాడ్యూళ్ల పేర్లలో అపాచీ అని ఉన్నవి అపాచీ2 అయ్యాయి. హెడర్లు పంపమని చెప్పే పాత మెథడ్ కొత్త వెర్షన్‌లో లేదు. 2012లో అపాచీ 2.4 వచ్చాక కనెక్షన్ ఆబ్జెక్ట్‌లో రిమోట్ ఐపీ అనే పేరు పోయి క్లయింట్ ఐపీ వచ్చింది. పేజీలో టికెట్ల జాబితా ఎలా కనిపించాలి అనేదానికీ వీటికీ ఏమన్నా సంబంధం ఉందా? అయినా మార్పు వచ్చిన ప్రతిసారీ జనం హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైళ్లు తెరిచి దిద్దుకున్నారు. డిజైనర్ ముట్టుకోవాల్సిన ఫైలులో సర్వర్ వెర్షన్ తేడాలు కనిపించడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

ఇక మేసన్ దగ్గరికి. దీని నడుమ ఉండేది ఇంటర్ప్ అనే క్లాసు. ఫైలు ఎక్కడుందో వెతకడానికి రిజాల్వర్, టెంప్లేట్‌ని ముక్కలు చేయడానికి లెక్సర్, దాన్ని పెర్ల్ కోడ్‌గా మార్చడానికి కంపైలర్, ఒక పేజీ నడుస్తున్నంతసేపూ దాని సంగతులు చూసుకోవడానికి రిక్వెస్ట్. వీటిలో దేనికీ హెచ్‌టీటీపీ తెలియదు. హెడర్ అంటే ఏంటో, కుకీ అంటే ఏంటో వీటికి అక్కర్లేదు. వెబ్‌కి సంబంధించిన పని అంతా విడిగా హ్యాండ్లర్లలో ఉంది. అపాచీ కోసం అపాచీహ్యాండ్లర్, సీజీఐ కోసం సీజీఐహ్యాండ్లర్. బయటివాళ్లు సీప్యాన్‌లో (పెర్ల్ మాడ్యూళ్ల భాండాగారంలో) పెట్టిన పీఎస్‌జీఐహ్యాండ్లర్ కూడా ఉంది; పీఎస్‌జీఐ అంటే సర్వర్‌కీ పెర్ల్ అప్లికేషన్‌కీ మధ్య ఒప్పందం, దాని సంగతి తర్వాత చెబుతాను. హ్యాండ్లర్ చేసేది మూడు పనులు: వచ్చిన రిక్వెస్ట్ నుంచి ఏ కాంపోనెంట్ కావాలో తేల్చడం, ఫారమ్ విలువల్ని ఆర్గ్యుమెంట్లుగా మార్చడం, వచ్చిన అవుట్‌పుట్‌ని హెడర్లతో సహా సర్వర్‌కి అప్పజెప్పడం.

ఈ విడదీత కాగితం మీద మాటేనా, నిజంగా ఉందా అని చూడాలంటే వెబ్ సర్వర్ లేకుండా ఒక పేజీ నడిపి చూడాలి. మా దగ్గర రోజూ తెల్లవారుజామున పెండింగ్ టికెట్ల జాబితా మెయిల్‌లో వెళ్తుంది. ఆ జాబితా వేసే కాంపోనెంట్, బ్రౌజర్‌లో కనిపించే కాంపోనెంట్ ఒకటే. క్రాన్ (పెట్టిన టైమ్‌కి పనులు నడిపేది) స్క్రిప్ట్‌లో ఇంటర్ప్ ఆబ్జెక్ట్ ఒకటి తయారుచేస్తాను. కాంపోనెంట్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో చెప్పే కంప్‌రూట్, కంపైలైన ఫైళ్లు పెట్టుకునే డేటాడిర్ ఇస్తాను. అవుట్‌మెథడ్ అనే పారామీటర్‌కి ఒక ఖాళీ స్ట్రింగ్ వేరియబుల్ రిఫరెన్స్ ఇస్తాను. తర్వాత ఎగ్జెక్ అని కాంపోనెంట్ పేరు, తేదీ ఇస్తే హెచ్‌టీఎమ్‌ఎల్ మొత్తం వచ్చి ఆ వేరియబుల్‌లో పడుతుంది. దాన్ని మెయిల్‌లో పెట్టి పంపడమే. అపాచీ లేదు, సీజీఐ లేదు, దొంగ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పెట్టి మభ్యపెట్టే పని లేదు. అవుట్‌మెథడ్‌కి స్ట్రింగ్ బదులు ఒక ఫంక్షన్ ఇచ్చినా ఒప్పుకుంటుంది, అప్పుడు అవుట్‌పుట్‌లో ప్రతి ముక్కకీ ఆ ఫంక్షన్‌ని పిలుస్తుంది. నా దృష్టిలో మేసన్‌లో అన్నిటికంటే విలువైన పారామీటర్ ఇదే. డాక్యుమెంటేషన్‌లో మాత్రం దీనికి దక్కాల్సిన చోటు దక్కలేదు. అడ్మిన్ మాన్యువల్ తెరిస్తే ముందు అపాచీ కాన్ఫిగరేషనే ఎదురవుతుంది. కొత్తవాళ్లు చదివితే అపాచీ లేకపోతే మేసన్ లేదనుకుంటారు.

గోడలో కన్నం ఎక్కడుందంటే, మళ్లీ ఆ డాలర్ ఆర్ దగ్గరే. కాంపోనెంట్లలో గ్లోబల్ వేరియబుల్స్ వాడాలంటే ముందుగా అనుమతించిన పేర్ల జాబితాలో అవి ఉండాలి. ఇది మంచి పద్ధతి, పేరు తప్పు పడితే వెంటనే తెలిసిపోతుంది. కానీ హ్యాండ్లర్లు తమంతట తామే డాలర్ ఆర్‌ని ఆ జాబితాలో చేర్చేసి, ప్రతి పేజీకీ అందుబాటులో పెడతాయి. అపాచీహ్యాండ్లర్ అయితే అది అసలు అపాచీ ఆబ్జెక్ట్. సీజీఐహ్యాండ్లర్ అయితే ఫేక్‌అపాచీ అనే క్లాసు నుంచి వచ్చిన నకలు. హెడర్లు పెట్టడం, కంటెంట్ టైప్ మార్చడం, రిక్వెస్ట్ మెథడ్ అడగడం లాంటివి ఈ నకలు చేసిపెడుతుంది. పాత పేజీల్లో చాలావాటికి ఇది చాలు. అందుకే సీజీఐకి మార్చి ఓ పది పేజీలు తిప్పి చూస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

పదకొండో పేజీలో ఇంటర్నల్ రీడైరెక్ట్ ఉంటుంది. ఇంకోచోట డిర్‌కాన్ఫిగ్‌తో అపాచీ కాన్ఫిగరేషన్ ఫైలులోంచి విలువ చదువుతుంటారు. మరోచోట రిక్వెస్ట్ అయిపోయాక చేయాల్సిన పనిని క్లీనప్‌గా రిజిస్టర్ చేసి ఉంటారు. ఇవి సర్వర్ లోపలి సదుపాయాలు, నకలు ఎంత బాగా చేసినా వీటికి ప్రాణం పోయలేరు. అసలు అపాచీ అన్న పేరుతోనే నకలు ఇవ్వడం నాకు నచ్చని నిర్ణయం. పాత పేజీలు విరగకుండా ఉండాలని అలా చేశారని అర్థమవుతుంది, కానీ దానివల్ల పేజీ రాసేవాళ్లకి సర్వర్‌ని వదిలించుకోవాల్సిన అవసరమే కనిపించలేదు. ఇంజిన్ సొంత ఆబ్జెక్ట్ డాలర్ ఎమ్‌లో రీడైరెక్ట్ ఉంది, క్యాష్ ఉంది, బఫర్ ఖాళీ చేసే మెథడ్ ఉంది, సీజీఐ ఆబ్జెక్ట్ తెచ్చిచ్చే మెథడ్ కూడా ఉంది. హెడర్లు, యూజర్ పేరు, క్లయింట్ అడ్రస్ ఈ మూడూ కూడా అక్కడే ఇచ్చుంటే డాలర్ ఆర్‌ని పేజీల్లోకి రానివ్వాల్సిన పనే ఉండేది కాదు.

మా అప్లికేషన్‌లో ఆ లోటు నేనే పూడ్చుకున్నాను. ముందు కాంపోనెంట్లన్నిటిలో డాలర్ ఆర్ ఎక్కడెక్కడ ఉందో గ్రెప్‌తో వెతికి, ఏ మెథడ్‌ని పిలుస్తున్నారో జాబితా వేశాను. చూడ్డానికి భయంకరంగా ఉంది కానీ, వేరుచేసి చూస్తే నిజంగా కావలసినవి గుప్పెడే: క్లయింట్ అడ్రస్, లాగిన్ పేరు, ఒక హెడర్ చదవడం, ఒక హెడర్ పెట్టడం, లాగ్‌లో ఒక లైను రాయడం, స్టేటస్ మార్చడం. వీటికి ఒక చిన్న క్లాసు రాసి, దాని ఆబ్జెక్ట్‌ని అనుమతించిన గ్లోబల్‌గా పేజీలకిచ్చాను. అపాచీ కింద నడిస్తే ఆ క్లాసు అపాచీని అడుగుతుంది, పీఎస్‌జీఐ కింద నడిస్తే ఎన్విరాన్‌మెంట్ హ్యాష్‌ని (పేరు, విలువ జతల పట్టికని) అడుగుతుంది, క్రాన్‌లో నడిస్తే ఖాళీ విలువలిస్తుంది. పేజీలు ఒక్కొక్కటిగా దీనికి మారుతుంటే సర్వర్ ఇంకా మోడ్‌పెర్లే. ఇలా చేయడంలో లాభం ఏంటంటే, మార్పు మొత్తం పాత సర్వర్ మీదే ప్రొడక్షన్‌లో నలిగింది. సర్వర్ మార్చే రోజున పేజీల గురించి ఎవరికీ టెన్షన్ లేదు.

పీఎస్‌జీఐ గురించి ఒక మాట. తత్సుహికో మియగావా 2009లో మొదలుపెట్టిన ఈ ఒప్పందం పైథాన్‌లోని డబ్ల్యూఎస్‌జీఐ, రూబీలోని ర్యాక్ చూసి తయారైంది. సర్వర్ మీ ఫంక్షన్‌కి ఒక హ్యాష్ ఇస్తుంది. మీ ఫంక్షన్ మూడు అంశాలున్న అర్రే తిరిగిస్తుంది: స్టేటస్ నంబర్, హెడర్ల జాబితా, బాడీ. మామూలు వాడకానికి ఇంతే. ఇది పాటిస్తే అదే అప్లికేషన్ స్టార్‌మన్ మీద నడుస్తుంది, ఫాస్ట్‌సీజీఐ మీద నడుస్తుంది, కావాలంటే మళ్లీ మోడ్‌పెర్ల్ మీదా నడుస్తుంది. ప్లాక్ అనే పీఎస్‌జీఐ పనిముట్ల సంచితో వచ్చే ప్లాకప్ కమాండ్ కొడితే మీ కంప్యూటర్‌లో 5000 పోర్ట్ మీద లేస్తుంది. మేసన్ వైపు నుంచి దీనికి కావలసిన పీఎస్‌జీఐహ్యాండ్లర్ సీజీఐహ్యాండ్లర్ మీద కట్టిన పలుచని పొర. నాలుగు లైన్ల ఫైలు రాస్తే మీ అప్లికేషన్ సిద్ధం. అంత పలుచగా రాయగలిగారంటే కింద ఇంటర్ప్ శుభ్రంగా ఉండబట్టే. నేను మార్కులు వేసేది అక్కడే.

పలుచని పొర అన్నాను కదా, అది అన్నీ చూసుకోదు. నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఒంపు తిరిగిన అపాస్ట్రఫీ. ఎవరో వర్డ్ ప్రాసెసర్‌లోంచి టికెట్ టైటిల్‌ని కాపీ చేసి అతికించారు, అందులో మామూలు అపాస్ట్రఫీ బదులు యూనికోడ్ 2019 అక్షరం ఉంది. పెర్ల్‌కి అది ఒక అక్షరం. యూటీఎఫ్-8లో 3 బైట్లు. మోడ్‌పెర్ల్ మీద ఉన్నప్పుడు ఇలాంటి స్ట్రింగ్ ఇచ్చినా లోపలి బైట్లు అలాగే బయటికి పోయి పేజీ బాగానే కనిపించేది, ఎవరూ పట్టించుకోలేదు. పీఎస్‌జీఐ ఒప్పందం ప్రకారం బాడీలో ఉండాల్సింది బైట్లే, అక్షరాలు కాదు. ప్లాకప్ డెవలప్‌మెంట్ మోడ్‌లో లింట్ అనే తనిఖీ కూడా తగిలిస్తుంది కాబట్టి ఆ పేజీ తెరవగానే ఎర్రర్ వచ్చి నిలబడింది. దానికి తోడు మా ఆటోహ్యాండ్లర్‌లో ఎప్పుడో రాసిన ఫిల్టర్ ఒకటి కంటెంట్ లెంగ్త్‌ని అక్షరాలు లెక్కపెట్టి పెడుతోంది. అంటే ఆ పేజీలో లెక్క 2 తక్కువ. బ్రౌజర్ చివరి రెండు బైట్లు వదిలేస్తుంది. పేజీ చివర మూసే ట్యాగ్‌లో రెండు బైట్లు తెగినా బ్రౌజర్ సర్దుకుపోతుంది కాబట్టి ఇన్నాళ్లూ కనిపించలేదు. జేసన్ (ప్రోగ్రామ్‌లు చదువుకునే డేటా రూపం) ఇచ్చే పేజీలో అయితే చివరి బ్రాకెట్ తెగి మొత్తం చెడేది.

దీన్ని పేజీల్లో సరిచేయాలని చూస్తే అంతు ఉండదు. సరైన చోటు గోడ మీదే, అంటే అక్షరాలు టెంప్లేట్ వైపు నుంచి సర్వర్ వైపుకి దాటే గుమ్మం దగ్గర. మేసన్ వైపు మొత్తం అక్షరాలే, సర్వర్ వైపు మొత్తం బైట్లే అని నియమం పెట్టుకుని, మధ్యలో ఒక చిన్న మిడిల్‌వేర్ రాశాను. కంటెంట్ టైప్ టెక్స్ట్‌గానీ జేసన్‌గానీ అయితే ఎన్‌కోడ్ చేస్తుంది, తర్వాత బైట్లు లెక్కపెట్టి లెంగ్త్ పెడుతుంది. పీడీఎఫ్, బొమ్మలు లాంటివి ముట్టుకోదు, అవి అప్పటికే బైట్లు కాబట్టి. ఆటోహ్యాండ్లర్‌లోని ఫిల్టర్ తీసేశాను. సర్వర్‌ని విడదీయడం అంటే ఫైళ్లు వేరు చేయడం ఒక్కటే కాదు, ఏ వైపు ఏ రకం డేటా ఉంటుందో తేల్చుకోవడం కూడా.

రెండో ఇబ్బంది పెద్ద డౌన్‌లోడ్‌లు. మోడ్‌పెర్ల్ కింద ఒక కాంపోనెంట్ లూప్‌లో వరసలు ప్రింట్ చేస్తూ, మధ్యమధ్యలో బఫర్ ఖాళీ చేస్తుంటే బ్రౌజర్‌కి సీఎస్‌వీ వచ్చి పడుతుండేది. పీఎస్‌జీఐహ్యాండ్లర్ మామూలు పద్ధతిలో పేజీ మొత్తం పోగేసి ఒకేసారి ఇస్తుంది. బఫర్ ఖాళీ చేసినా అది హ్యాండ్లర్ సంచిలోకే పోతుంది, బ్రౌజర్ దాకా రాదు. వేలకొద్దీ వరసల ఎక్స్‌పోర్ట్‌కి ఇది పనికిరాదు, మెమరీ ఉబ్బుతుంది, ముందున్న ప్రాక్సీ టైమౌట్ కొడుతుంది. పీఎస్‌జీఐలో స్ట్రీమింగ్‌కి దారి ఉంది కాబట్టి ఆ ఎక్స్‌పోర్ట్‌ని మేసన్‌లోంచి బయటికి తీసి, వేరే యూఆర్‌ఎల్ కింద చిన్న పీఎస్‌జీఐ ఫంక్షన్‌గా మౌంట్ చేశాను. సీఎస్‌వీకి టెంప్లేట్ ఎందుకు అసలు? అందులో హెచ్‌టీఎమ్‌ఎల్ ముక్క కూడా లేదు. ఆ కోడ్ కాంపోనెంట్‌లో ఉండటానికి కారణం సర్వర్‌కి దారి అదొక్కటే కావడం. ఇప్పుడు దారులు వేరయ్యాయి, ఎవరి పని వాళ్లది.

డేటాబేస్ సంగతి మర్చిపోకండి. మోడ్‌పెర్ల్ వాళ్లకి అపాచీ డీబీఐ మాడ్యూల్ అలవాటు. కనెక్ట్ అని పిలిచిన ప్రతిసారీ పాత కనెక్షన్‌నే గుట్టుగా తిరిగిచ్చేది. అది మోడ్‌పెర్ల్ కింద ఉన్నప్పుడే పనిచేస్తుంది. స్టార్‌మన్ మీదకి రాగానే అదే కోడ్ ప్రతి పేజీకీ కొత్త కనెక్షన్ తెరుస్తుంది, ఎర్రర్ రాదు, నెమ్మదిస్తుంది అంతే. పెర్ల్ డేటాబేస్ మాడ్యూల్ డీబీఐలోనే ఉన్న కనెక్ట్ క్యాష్డ్ వాడితే సర్వర్‌తో సంబంధం లేకుండా పని జరుగుతుంది. స్టార్‌మన్‌ని ప్రీలోడ్ యాప్ ఆప్షన్‌తో లేపితే మెమరీ కలిసొస్తుంది, కానీ ఫోర్క్ కాకముందే, అంటే పిల్ల ప్రాసెస్‌లు పుట్టకముందే, మాతృ ప్రాసెస్‌లో కనెక్షన్ తెరిచి ఉంచకూడదు. పిల్ల ప్రాసెస్‌లన్నీ ఒకే సాకెట్‌లో మాట్లాడబోతే ఒకళ్ల జవాబు ఇంకొకళ్లకి పోతుంది. మేసన్‌లో వన్స్ అనే బ్లాక్‌లో రాసిన కోడ్ కాంపోనెంట్ లోడైనప్పుడు ఒక్కసారే నడుస్తుంది. కనెక్షన్ తెరిచే లైన్లు అక్కడ ఉన్నాయేమో చూసి, ఉంటే ఇనిట్ బ్లాక్‌లోకి మార్చండి.

సీజీఐహ్యాండ్లర్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. కంపైలైన ఫైళ్లు డేటాడిర్‌లో దాచుకున్నా, ప్రతిసారీ పెర్ల్ వాటిని చదివి పార్స్ చేయాల్సిందే, కాబట్టి రద్దీ ఉన్న చోట కుదరదు. రోజుకి నాలుగుసార్లు తెరిచే అడ్మిన్ పేజీకి చాలు.

వేగం మీద ఒక్క సూచన. ప్రొడక్షన్‌లో స్టాటిక్ సోర్స్ అనే పారామీటర్ ఆన్ చేయండి. లేకపోతే ఫైలు మారిందా అని మేసన్ ప్రతి కాంపోనెంట్‌కీ చూస్తూనే ఉంటుంది. ఆన్ చేశాక ఫైళ్లు మార్చినప్పుడు డేటాడిర్‌లోని కంపైలైన ఫైళ్లు తీసేసి సర్వర్ రీస్టార్ట్ చేయాలి.

పక్క ఇంజిన్లతో పోలిస్తే? పెర్ల్‌లోనే ఉన్న ఇంకో ఇంజిన్ ఎంబ్‌పెర్ల్‌ని నేను కొన్నాళ్లు దగ్గరగా చూశాను. ఒక విషయంలో అది మేసన్ కంటే చాలా మెరుగు. విలువని పేజీలో పెట్టే ప్లస్ గుర్తుల బ్లాక్ దానంతట అదే హెచ్‌టీఎమ్‌ఎల్ ఎస్కేప్ చేస్తుంది, అంటే విలువలోని ట్యాగ్ గుర్తులు ట్యాగ్‌లుగా పనిచేయకుండా మారుస్తుంది. మేసన్ 1లో డిఫాల్ట్‌గా ఎస్కేప్ లేదు, ప్రతి చోటా హెచ్ ఫ్లాగ్ పెట్టాలి, లేదా డిఫాల్ట్ ఎస్కేప్ ఫ్లాగ్స్ సెట్ చేసుకోవాలి. యూజర్ టైప్ చేసింది పేజీలో చూపించే ఇంజిన్‌కి ఇది పెద్ద లోపం, మీరు మేసన్ వాడుతుంటే ఈ సెట్టింగ్ ఇవాళే చూసుకోండి. సర్వర్ విడదీత విషయంలో మాత్రం ఎంబ్‌పెర్ల్ వెనకబడింది. దాని లోపలి భాగం సీ భాషలో ఉంది. మోడ్‌పెర్ల్ మద్దతు కావాలా అన్నది ఇన్‌స్టాల్ కోసం బిల్డ్ చేసేటప్పుడే తేల్చాలి. అపాచీ రిక్వెస్ట్ రికార్డ్ వేరియబుల్ మోడ్‌పెర్ల్ కింద మాత్రమే ఉంటుంది కాబట్టి, అది ఉందా లేదా అని పేజీలే చూసుకోవాలి. హెడర్లకి మాత్రం దాని పద్ధతి నాకు నచ్చుతుంది. పేజీ ఒక హ్యాష్‌లో హెడర్ పేరు, విలువ రాస్తుంది, పంపడం ఇంజిన్ చూసుకుంటుంది, కింద అపాచీయా సీజీఐయా అన్నది పేజీకి తెలియదు. మేసన్ ఇలాగే చేసి ఉండాల్సింది.

పీహెచ్‌పీలో ఇదే గోడని ఎస్‌ఏపీఐ అంటారు. సర్వర్ ప్రతి రకానికీ ఒక స్ట్రక్చర్ ఉంటుంది, అందులో అవుట్‌పుట్ రాసే ఫంక్షన్, పోస్ట్ డేటా చదివే ఫంక్షన్, హెడర్లు పంపే ఫంక్షన్ ఇలా కొన్ని నింపాలి. 2010లో 5.3.3తో ఎఫ్‌పీఎమ్ అనే ప్రాసెస్ మేనేజర్ పీహెచ్‌పీలో భాగమైనా, 2015లో 7.0తో ఏఓఎల్‌సర్వర్, రాక్సెన్ లాంటి పాత సర్వర్ల మద్దతు తీసేసినా, మామూలు పేజీల్లో అక్షరం మారలేదు. అలా ఉండాలి. కన్నాలు అక్కడా ఉన్నాయి: రిక్వెస్ట్ హెడర్లన్నీ ఇచ్చే గెట్ ఆల్ హెడర్స్ ఫంక్షన్ ఎఫ్‌పీఎమ్‌లో 7.3 దాకా లేదు. కానీ గోడ కట్టిన తీరు మేసన్ కంటే కచ్చితంగా ఉంది. మేసన్‌కి ఉన్న సుఖం ఏంటంటే, హ్యాండ్లర్ మొత్తం పెర్ల్‌లోనే ఉంది. నచ్చకపోతే సబ్‌క్లాస్ చేసి నాలుగు మెథడ్లు మార్చుకుంటే సరిపోతుంది, సీ కంపైలర్ అక్కర్లేదు.

మేసన్ 2 సంగతి అడిగేవాళ్లుంటారు. 2011లో వచ్చిన ఈ వెర్షన్ నేను పైన అడిగింది చేసేసింది. వెబ్ పని మొత్తం ఇంజిన్‌లోంచి తీసేశారు. మేసన్ ఇప్పుడు వట్టి టెంప్లేట్ ఇంజిన్, వెబ్ కావాలంటే దాని మీద పోయెట్ అనే ఫ్రేమ్‌వర్క్ ఉంది, అది నేరుగా పీఎస్‌జీఐ, ప్లాక్ మీద కట్టింది. రిక్వెస్ట్, రెస్పాన్స్ ఆబ్జెక్ట్‌లు డాలర్ ఎమ్ ద్వారానే వస్తాయి. పెర్ల్‌లో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మేసన్ అనే పేరే కావాలనుకుంటే దీనికే వెళ్లాలి. కానీ పాత పేజీలు దీని మీద నడవవు. కాంపోనెంట్లు మూస్ (పెర్ల్ ఆబ్జెక్ట్ సిస్టమ్) క్లాసులయ్యాయి, ఫైళ్ల ఎక్స్‌టెన్షన్లు మారాయి, ఆటోహ్యాండ్లర్ స్థానంలో బేస్ ఫైలు వచ్చింది. పేరు ఒకటే అయినా ఇది అప్‌గ్రేడ్ కాదు, మళ్లీ రాయడం. రెండిటి మాడ్యూల్ పేర్లు వేరు కాబట్టి ఒకే మెషీన్‌లో పక్కపక్కన ఉండగలవు, ఆ ఒక్క సౌకర్యం మాత్రం ఇచ్చారు. మా పేజీలు మార్చే ఆలోచన నాకు లేదు, సర్వర్ గొడవ తీరిపోయాక మార్చాల్సిన కారణం కనిపించడం లేదు.

ఈ పని అయ్యాక నేను అన్నిటికంటే ఎక్కువ వాడుకుంటున్నది టెస్టింగ్. ప్లాక్ టెస్ట్ అనే మాడ్యూల్‌తో సర్వర్ లేపకుండానే అప్లికేషన్‌కి రిక్వెస్ట్ పంపి, జవాబులో స్టేటస్, హెడర్లు, బాడీ చూడొచ్చు. ఒక్కో కాంపోనెంట్‌ని ఒంటరిగా చూడాలంటే క్రాన్ స్క్రిప్ట్‌లో లాగా ఇంటర్ప్‌తో నడిపి స్ట్రింగ్ చూస్తే సరి. ఒంపు తిరిగిన అపాస్ట్రఫీ ఉన్న టైటిల్, ఖాళీ టైటిల్, స్క్రిప్ట్ ట్యాగ్ ఉన్న టైటిల్ మూడూ ఇప్పుడు టెస్టుల్లో ఉన్నాయి. కాంపోనెంట్ల ఫోల్డర్‌లో డాలర్ ఆర్ అనే మాట ఎక్కడన్నా కనిపిస్తే ఫెయిలయ్యే టెస్టు కూడా ఒకటి పెట్టాను. కొత్తగా చేరినవాళ్లు పాత ఉదాహరణ చూసి అది రాస్తే, మెర్జ్ కాకముందే ఆగిపోతుంది, ఏ మెథడ్ వాడాలో ఆ టెస్టు మెసేజ్‌లోనే రాసి ఉంటుంది.